ఖాళీగా ఉంచిన గడి

లీగారికి కాస్త తిక్క ఉందన్న సంగతి మొదట కనిపెట్టింది పక్కింటావిడ. ఆవిడ ఇస్త్రీ అతనితో చెప్పింది. ఇస్త్రీ అతను కింది వాటాలో నర్సుతో చెప్పాడు. నర్సుకు చేరాక ఇక ఆ మెట్లవరుసలో ఉన్న ఇరవై నాలుగు గుమ్మాలకూ వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. "కిటికీకి రంగేసే మనిషి వెనకాల అరగంట నిలబడ్డాడంట! పోనీ పలకరిస్తాడా అంటే అదీ లేదంట. జేబులోంచి అట్టముక్క తీసి ఏదో గీక్కుని, మళ్ళీ చూసి, మళ్ళీ గీక్కుని, చక్కా పోయాడంట. పనికి వంకలు పెట్టడానికొచ్చిన ఆఫీసరేమోనని ఆ రంగుమనిషి పాపం హడలిపోయి ఇంకో పూత ఎక్కువేశాడంట."

పక్కింటావిడ నోట్లో నువ్వుగింజ నానదన్న మాట నిజమే గాని, ఆవిడ చెప్పిందాంట్లో అబద్ధం మాత్రం లేదు. నిలబడింది అరగంట కాదు, పావుగంట. అంతే తేడా. రంగుమనిషి కుంచెను గాజు అంచుకు తగలనీయకుండా లాగుతున్నాడు. ఆ లాగడం కేర్‌ఫుల్లీయా, కాషస్లీయా అన్నది తేలక అతను అక్కడే ఉండిపోయాడు. తేలాక ఇంటికొచ్చాడు.

ఈ పొద్దున కూడా అతను మెట్ల మలుపులో నిలబడే ఉన్నాడు. చంకలో రొట్టె పొట్లం. పైన ఆరు మెట్ల అవతల ఐదో అంతస్తు ముసలాయన కమ్మీ పట్టుకుని ఎక్కుతున్నాడు. ఒక మెట్టు, ఒక ఊపిరి. పక్కనుంచి దాటిపోవడానికి చోటుంది. అతను దాటలేదు. చొక్కా జేబులోంచి రబ్బరుబ్యాండు వేసిన అట్టముక్కల కట్ట తీసి, మోకాలి మీద పెట్టుకుని రెండు ముక్కలు రాశాడు. ముసలాయన ఎక్కడం స్లోలీ. కాని ఇదే ముసలాయన నిరుడు మూడో అంతస్తులో ఒక్కసారే ఆగేవాడు, ఈ ఏడు ప్రతి అంతస్తులోనూ ఆగుతున్నాడు. అది గ్రాడ్యువల్లీ. మొదటిది చూడ్డానికి ఐదు నిమిషాలు చాలు. రెండోది చూడాలంటే అవే మెట్ల మీద ఏళ్ళ తరబడి ఎక్కి దిగుతుండాలి.

అతని పని అది. వయసు యాభై తొమ్మిది. ఎండుపుల్ల లాంటి మనిషి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకే భుజానికి సంచి తగిలించుకోవడం వల్ల ఎడమ భుజం రెండు వేళ్ళు కిందికి జారింది. చొక్కాలు పాతవే గాని వాటి కాజాలు మాత్రం కొత్త పెళ్ళికొడుకు చొక్కాకు కూడా ఉండవు, అంత నిక్కచ్చిగా ఉంటాయి. ఒక ప్రచురణ సంస్థ ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తయారు చేస్తోంది. అందులో అతని వాటా క్రియావిశేషణాలు. అంటే పని ఏమిటన్నది కాక, పని ఎలా జరిగిందో చెప్పే మాటలు. ఇంగ్లీషులో అవి ముప్పాతిక మువ్వీసం లీ అని ముగుస్తాయి గనక ఆఫీసులో అతను లీగారు. ఆ పేరు ఆఫీసు నుంచి బస్సెక్కి ఇంటికి కూడా వచ్చేసింది. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా వినపడదు.

తలుపు తీసేసరికి అక్క కిటికీ పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఎడమ పక్క కుట్టని చొక్కాలు, కుడి పక్క కుట్టినవి. చొక్కాల కంపెనీ వాళ్ళు మిషను మీద కాజాలు వేసుకుంటారు. కాని ఖరీదైన సరుక్కి చేతి కాజాలే కావాలంటారు. అందుకని వారానికి రెండు మూటలు ఇక్కడికొస్తాయి. అక్కకు అరవై ఎనిమిది. తాడు కట్టిన కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంటుంది. గుడ్డ చీరిన చోట బొటనవేలి గోటితో ఒకసారి నొక్కి, సూదిని లోపలి నుంచి పైకి తెచ్చి, దారాన్ని ముడి చుట్టూ తిప్పి లాగుతుంది. లాగిన ప్రతిసారీ చిన్న టిక్కుమనే చప్పుడు. అతను పుట్టి బుద్ధెరిగాక ఆ చప్పుడు లేని రోజు లేదు.

"రొట్టె కోసం పోయి ఊళ్ళో అందరి నడకలూ కొలిచొచ్చావా?" అంది తలెత్తకుండా.

"ఐదో అంతస్తు తాతగారు అడ్డమొచ్చారక్కా."

"ఆయన అడ్డం రాలేదు. నువ్వే వెనకపడ్డావు."

అతను రొట్టె కోసి, గుడ్లు ఉడకేసి, రెండు పళ్ళేల్లో పెట్టాడు. తినేటప్పుడు అడిగాడు.

"అక్కా, ఇంక ఒక్క జతే మిగిలింది. హమ్మయ్య అనుకోవడం ఉంది. ఒకరి మేలు తలచుకోవడం ఉంది. ఇంగ్లీషోడు రెంటికీ దగ్గర దగ్గర మాటలే పెట్టుకున్నాడు. థాంక్‌ఫుల్లీ, గ్రేట్‌ఫుల్లీ. తేడా ఎక్కడ పట్టుకోవాలి?"

అక్క గుడ్డు పెంకు వలుస్తూ ఆలోచించింది. ఆలోచించినంతసేపూ పెంకు ఒక్క ముక్కగా వచ్చింది.

"వాన ఆగింది. హమ్మయ్య అన్నావు. ఎవరికన్నావు? ఎవరికీ అన్లా. గాలికన్నావు. అదే వానలో ఎవడో గొడుగు పట్టాడనుకో, అప్పుడు గాలికంటే కుదురుతుందా? హమ్మయ్యకి ఎదురుగా మనిషక్కర్లేదురా. రెండోదానికి మనిషి కావాలి."

అతను తినడం ఆపి రాసుకున్నాడు.

"తిని రాయి. ఆ మాటలెక్కడికీ పోవు, గుడ్డు చల్లారిపోద్ది."

ఇంగ్లీషు ముక్క రాని మనిషి ఇంగ్లీషు మాటలకు తీర్పరి ఎలా అయిందంటే, దానికో కథ ఉంది. అమ్మానాన్నా ఒకే ఏడు పోయేనాటికి అక్కకు ఇరవై, అతనికి పదకొండు. అప్పట్లో చొక్కాల మూటలు పాత ఇంగ్లీషు పత్రికల్లో చుట్టి వచ్చేవి. అక్క మూట విప్పి గుడ్డ తను తీసుకుని కాగితం తమ్ముడికిచ్చేది. ఆ కాగితాలే అతని బడి. "ఏం రాశాడ్రా అందులో?" అనడిగేది. అతను చెప్పేవాడు. ఇక్కడ ఒకడు జాగ్రత్తగా వచ్చాడని ఉంది, అక్కడ ఇంకొకడు జాగ్రత్తగా వచ్చాడని ఉంది, కాని మాట వేరే ఉందక్కా అనేవాడు. "మాట వేరే ఉంటే మనిషి వేరే అయ్యుంటాడు. సరిగ్గా చూడు," అనేది. ఒకసారి తనే విడదీసి చెప్పింది: "కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాం. అది పని మీద ప్రేమ. కరిచే కుక్క పక్కనుంచి పోయేటప్పుడూ ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాం. అది పిక్క మీద ప్రేమ. రెండూ ఒకటెలా అవుతాయి?"

కాలేజీలో నలుగురు మేష్టార్లు నాలుగేళ్ళు చెప్పింది ఒక పక్క, ఆ పిక్క మాట ఒక పక్క. ఏ పక్క మొగ్గిందో అతనికి తెలుసు.

అక్క పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా వాడి చదువు కానీ అంది. వాడి చదువయ్యాక ఆ మాట తెచ్చేవాళ్ళు లేకపోయారు. తన పెళ్ళి మాట వచ్చినప్పుడు అతను, ఈ పుస్తకం కానీ అన్నాడు. పుస్తకం ఇప్పటికి అవుతోంది.

*

ఆఫీసు ఒక ముద్రణాలయం మీద ఉంది. కింద యంత్రాలు తిరిగితే పైన టీగ్లాసుల్లో అలలు లేస్తాయి. గోడల పొడుగునా చెక్క సొరుగులు. సొరుగుల నిండా కార్డులు. ప్రతి కార్డు మీదా నాలుగు గళ్ళు అచ్చేసి ఉంటాయి: మాట, అర్థం, ఉదాహరణ, ఆధారం. ఉదాహరణ ఎక్కడ దొరికిందో చివరి గడిలో రాయాలి. ఏ పత్రిక, ఏ తేదీ, ఏ పుస్తకం, ఎన్నో పేజీ. ఆధారం లేని కార్డు ఊరూ పేరూ లేని ఉత్తరం లాంటిది, పుస్తకంలోకి రానివ్వకూడదు. ఆ ఆఫీసులో అదొక్కటే శాసనం.

అతను కుర్చీలో కూర్చునేలోపే పేజీలమ్మాయి వచ్చింది. కంప్యూటరు మీద పేజీలు కూర్చే పిల్ల. ముప్పై ఏళ్ళుంటాయి. జడలో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చుకుని ఉంటుంది. దాన్ని వెతుక్కోవడంలోనే రోజులో సగం పోతుంది.

"బాబాయ్, కొంప మునిగింది."

"ఎవరిది?"

"మీదే. నిన్న సాయంత్రం ఆధారాలన్నీ వరసపెట్టి సరిచూశాను. మీ సొరుగుల్లో నాలుగువందల పన్నెండు కార్డులకి ఆఖరి గడి ఖాళీ. ఒకటీ అరా అయితే నేనే ఏదో కప్పెట్టేదాన్ని. నాలుగువందల పన్నెండు! ఇది మర్చిపోవడం కాదు బాబాయ్, వ్యవసాయం."

అతను సంచి దించి కుర్చీ వీపుకు తగిలించాడు.

"సంపాదకుడు గారికి చెప్పక తప్పలేదు. సాయంత్రం ఐదింటికి పేజీలు కిందికి దిగాలంట. ఈలోపు గడి నిండితే సరి, లేకపోతే ఆ కార్డులన్నీ తీసేయమన్నారు." గొంతు తగ్గించింది. "ఒక మాట చెప్పనా? గోడౌన్లో పాత పేపర్లున్నాయిగా. తలో తేదీ తగిలించేయండి. ఎవడు చూడొచ్చాడు?"

చెడ్డ సలహా ఏం కాదు. ఎదుటివాడు మునుగుతుంటే చేతికందిన తాడు విసిరింది, అంతే. ఆ పిల్లకు తెలియనిదేమిటంటే, ఆ నాలుగువందల పన్నెండు గళ్ళలో ఏం రాయాలో అతనికి చాలా బాగా తెలుసు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, మొదటి కార్డు అతను పిక్క మాట మీదే రాశాడు. ఆఖరి గడి దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. పక్క బల్ల అతను పెద్ద పెద్ద ఇంగ్లీషు పుస్తకాల పేర్లు రాస్తున్నాడు. ఎదురు బల్ల అతను న్యాయస్థానం తీర్పుల నంబర్లు వేస్తున్నాడు. కాజాలు కుట్టే మా అక్క అని రాయడానికి సిగ్గేసింది. ఖాళీగా వదిలి, అప్పటి పెద్దాయన ముందు పెట్టాడు. ఆయన కార్డు చదివి, భళ్ళున నవ్వి, "భేషుగ్గా ఉందయ్యా. ఆ గడి తర్వాత నింపుదువుగాని," అని సంతకం పెట్టేశాడు. ఆయన పోయి పందొమ్మిదేళ్ళయింది. తర్వాత అన్న రోజు రాలేదు. సిగ్గు ఒక నెల ఉందేమో. ఖాళీగా వదిలే అలవాటు ముప్పై ఒక్క ఏళ్ళు ఉండిపోయింది.

కార్డుల పెట్టె బల్ల మీదికి తెచ్చుకున్నాడు. తేదీ అంటించడానికి ఎంతసేపు? ఫలానా పత్రిక, ఫలానా నెల. కార్డులు దక్కుతాయి, పుస్తకం బాగుంటుంది, పరువు నిలబడుతుంది. మొదటి కార్డు తీసి కలం గడి మీద ఆనించాడు. చెయ్యి కదలలేదు. ఒకసారి ఆమెను రాయకుండా వదిలేశాడు. ఇప్పుడు ఆమె చోటులో ఎవడో ముక్కూమొహం తెలియని పత్రికవాణ్ణి తెచ్చి కూర్చోబెట్టాలి. వదిలేయడం ఒక తప్పు. ఇది ఇంకో రకం తప్పు.

గడిలో "అక్క" అని రాశాడు. పక్కన పెట్టి రెండోది తీశాడు.

క్వయట్లీ, సైలెంట్లీ. తెల్లారుఝామున తమ్ముడు నిద్రలేవకుండా అక్క తలుపు మూస్తుంది. గడియ చప్పుడవుతుంది గాని ఆ చప్పుడుకి పక్కన ఒకడు పడుకున్నాడన్న ఎరుక ఉంటుంది. అది క్వయట్లీ. పిల్లి వచ్చి పాలు తాగి పోతుంది. దానికి ఎవరి ఎరుకా అక్కర్లేదు, చప్పుడూ ఉండదు. అది సైలెంట్లీ. అక్క.

బేర్లీ, హార్డ్లీ. లావు దారం సన్న సూదిలోకి బొటాబొటిగా దూరింది. దూరిందా అంటే దూరింది. అది బేర్లీ. పొద్దు వాలాక సూది బెజ్జం కనపడీ కనపడదు. కనపడిందా అంటే కనపడనట్టే లెక్క. అది హార్డ్లీ. ఈ కార్డు మూలన తను వేసుకున్న తేదీ చూశాడు. అక్కకు మొదటిసారి కళ్ళజోడు కొన్న వారం.

ఇన్‌స్టంట్లీ, ప్రాంప్ట్లీ. వేలికి సూది దిగితే చెయ్యి తనంతట తనే వెనక్కొస్తుంది. మూట తీసుకుపోవడానికి కంపెనీ మనిషి వస్తే, పిలిచిన వెంటనే సిద్ధంగా ఇస్తుంది. మొదటిదాంట్లో బుద్ధికి పనిలేదు, రెండోదాంట్లో మర్యాద ఉంది. అక్క.

కార్డు వెనక కార్డు. అతను నలుపు కలంతో రెండక్షరాలు రాస్తూ పోయాడు. ఒక్కో కార్డు ఒక్కో పూట. ఇల్లు కారిన వానాకాలం ఒకచోట, అతనికి జ్వరమొచ్చిన పదిరోజులు ఒకచోట, అక్క తొలిసారి మెట్ల మీద ఆగి నడుం పట్టుకున్న మధ్యాహ్నం ఒకచోట. ఎవరూ రాయని ఆమె చరిత్రంతా చెక్క సొరుగుల్లో అకారాది క్రమంలో పడుంది. నూటయాభై అయ్యేసరికి వేళ్ళు నొప్పెట్టాయి. మూడువందలకి భుజం పట్టేసింది. ఎడమవైపు రొమ్ములో కూడా ఏదో లాగినట్టయింది. నీళ్ళు తాగాడు. మధ్యాహ్నం డబ్బా విప్పనేలేదు. అయినా కడుపు నిండినట్టే ఉంది. ఇన్నాళ్ళకు ఎవరో ఒకరు ఆ గడి ఏదయ్యా అని అడిగారు, అదే పదివేలు అనుకున్నాడు.

మూడున్నరకు పెట్టె తీసుకెళ్ళి సంపాదకుడి బల్ల మీద పెట్టాడు. సంపాదకుడు అతనికంటే ఆరేళ్ళు చిన్న. నెత్తి మీద జుట్టు లేదు, మనసులో కుట్రా లేదు, ఉన్నదల్లా గడువు. ఒక కార్డు తీశాడు. ఇంకోటి తీశాడు. నాలుగోది తీశాక కళ్ళజోడు పైకి తోశాడు.

"ఏంటిది లీగారూ? అక్క ఏంటి?"

"మా అక్కండి."

"అది తెలుస్తూనే ఉంది. ఏం చదివారు ఆవిడ?"

"కాజాలు కుడతారు."

సంపాదకుడు తలుపు వైపు చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. విన్నారు. పేజీలమ్మాయి అక్కడే ఉంది, పెన్సిల్ కొరుకుతూ.

"ఇంగ్లీషు నిఘంటువుకి కాజాలు కుట్టే ఆవిడ ఆధారమా? పదిమంది ముందు నవ్వులపాలవుతాం. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి మీరు. మీకు నేను చెప్పాలా?"

"ఏదో ఒక జత తీసి చదవండి. నవ్వొస్తే పెట్టె మొత్తం నేనే కిందికి తీసుకెళ్ళి పారేస్తాను."

సంపాదకుడు విసుగ్గానే తీశాడు. చేతికొచ్చింది పిక్క మాట. చదివాడు. నవ్వాడు. అది ఆయన అనుకున్న నవ్వు కాదు. ఇంకోటి తీశాడు. దానికి నవ్వలేదు. మూడోది, నాలుగోది. కింద యంత్రం ఆగింది, మళ్ళీ మొదలైంది. ఆయన ఒక పక్క పేర్చుకుంటూ పోతున్నాడు, కార్డుల కోసం కాక తన కోసం చదువుతున్నట్టు.

"పుస్తకం ముందు పేజీలో పద్దెనిమిది మంది పండితుల పేర్లున్నాయి," అన్నాడు చివరికి. "ఒక్కడికీ ఇది తట్టలేదు." ఆ వెంటనే మళ్ళీ గడువులోకి వచ్చేశాడు. "సరే, కార్డులు ఉంటాయి. కాని ఇన్ని కార్డులకి ఆధారమైన మనిషి పేరు ముందు పేజీలో లేకపోతే అది ఇంకో తప్పు. ఆ పేజీలో పందొమ్మిది లైన్లు. ఇరవయ్యో లైను పట్టదు. ఏమ్మా, పడుతుందా?"

"అక్షరం కూడా పట్టదండి," అంది పేజీలమ్మాయి. "కుదించి కుదించి కూర్చాను."

"పైన పద్దెనిమిది మందిలో ఎవరి పేరు తీసినా రేపు పొద్దున లాయరు నోటీసొస్తుంది. మరి ఎలా?"

"పందొమ్మిదోది తీసేయండి," అన్నాడతను.

"అది మీది."

"నాది కాబట్టేగా తీసేయమంటున్నాను. నేను నోటీసివ్వను."

పేజీలమ్మాయి పెన్సిల్ నోట్లోంచి తీసింది. "బాబాయ్! ముప్పై ఒక్క ఏళ్ళు. ఉన్నదల్లా ఆ ఒక్క లైను."

"అందుకేనమ్మా ఇస్తానంటున్నాను. మన దగ్గర ఉన్నదేగా ఇవ్వగలం."

సంపాదకుడు గోడ గడియారం చూశాడు. నాలుగు దాటింది. పేజీలమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని, అతను చెప్తుంటే అక్క పేరు కూర్చింది. అక్షరం అక్షరం వెనక్కి చదివించుకున్నాడు. ఆ పేరు అచ్చులో చూడ్డం అతనికదే మొదలు. చాలా పొడుగ్గా ఉంది, గౌరవంగా కూడా ఉంది.

"అందరి పేర్ల పక్కనా డిగ్రీలున్నాయి బాబాయ్. ఇక్కడ ఏం వెయ్యను?"

"కాజాలు అని వెయ్యమ్మా."

వేసింది. కళ్ళు తుడుచుకుంది. "తెర వెలుగు గుచ్చుకుంటోంది," అంది, ఎవరూ అడగకపోయినా.

మిగిలిన చివరి జత అప్పుడు రాశాడు. థాంక్‌ఫుల్లీకి వాన, గ్రేట్‌ఫుల్లీకి గొడుగు. ఆఖరి గడి నింపడానికి ఈసారి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఐదింటికి పేజీలు కిందికి దిగాయి.

*

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. బయట మనుషులు నడుస్తున్నారు. ఒకామె పిల్లవాణ్ణి ఈడ్చుకుపోతోంది, ఒకడు సైకిలు మీద పూల కుండీ పట్టుకుని తూలుతున్నాడు, ఇద్దరు ముసలివాళ్ళు వాదించుకుంటూ రోడ్డు దాటుతున్నారు. అతని చెయ్యి జేబులోకి పోలేదు. ఎవరు ఎలా నడుస్తున్నారో ఇవాళ ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. రంగుమనిషీ, ఐదో అంతస్తు ముసలాయనా, ఊరంతా తమకు తెలియకుండానే తనకు ముప్పై ఏళ్ళు పనిచేసిపెట్టారనిపించింది. అడగని సాయం. వాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

ఇంటికెళ్ళేసరికి కిటికీలో ఇంకా వెలుగుంది. అక్క ఆ వెలుగు పోకముందే చొక్కా పూర్తి చెయ్యాలని వంగి కుడుతోంది.

"ఏంట్రా, మొహం వెలిగిపోతోంది? జీతం పెంచారా?"

"పని అయిపోయిందక్కా. పుస్తకం కిందికి దిగింది."

"హమ్మయ్య," అంది అక్క. "టీ పొయ్యి మీదే ఉంది. పోసుకో."

టీ పోసుకుని, చేతుల కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. చెప్పాలని గొంతు దాకా వచ్చింది. ఇంట్లో మనుషులతో అలాంటి మాటలు మాట్లాడి ఎరగరు ఇద్దరూ. సొంతవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పడమంటే పరాయివాళ్ళను చేసినట్టే. పుస్తకం వచ్చాక చేతిలో పెడితే సరిపోతుంది, ఇప్పుడెందుకు అనుకున్నాడు. నోటికి వచ్చింది మాత్రం ఇది:

"టీ బాగుందక్కా."

సూది ఆగింది. అక్క కళ్ళజోడు మీదుగా చూసింది. "ఏం, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. ఊరికే అన్నా."

"రోజూ ఉండే టీయే. ఇవాళ కొత్తగా ఏం బాగుంది? ఆకు కూడా పాతదే," అని మళ్ళీ కుట్టడం మొదలెట్టింది. కుడుతూనే కబుర్లు చెప్పింది. పక్కింటావిడ వచ్చి, మీ తమ్ముడు రంగుమనిషిని ఎందుకు భయపెట్టాడని అడిగిందట. వాడు భయపెట్టలేదు, మెచ్చుకున్నాడు, మెచ్చుకోవడం కూడా వాడికి చీటీ మీదే వస్తుంది అందట తను. పై జేబు కాజా అయింది. రెండోది అయింది. కంపెనీవాళ్ళు వచ్చే వారం తెల్ల దారం పంపుతారట, మంచిది దొరకట్లేదట. మూడోది. "ఏరా, వింటున్నావా?" నాలుగో కాజా సగంలో ఉండగా, తన చేతి టిక్కు తప్ప గదిలో ఇంకే చప్పుడూ లేదని ఆమెకు తెలిసింది. టీగ్లాసు కుర్చీ చేతి మీద నిలువుగానే ఉంది. ఒక గుక్క మిగిలి ఉంది.

వచ్చినవాళ్ళంతా అడిగారు, ఎలా పోయాడని. ఎవరు అడిగినా అక్క ఒక్కలాగే చెప్పింది. "బయటినుంచొచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తామే, అలా పోయాడు."

*

పుస్తకం నాలుగు నెలలకొచ్చింది. సంపాదకుడూ, పేజీలమ్మాయీ స్వయంగా తెచ్చారు. అతని బల్ల ఖాళీ చేసినప్పుడు మిగిలిన వస్తువొకటి కూడా వెంట తెచ్చారు. తలుపు తెరిచి ఉంది గనక పక్కింటావిడ కూడా వచ్చి గోడకానుకుని నిలబడింది. అక్క వాళ్ళను కూర్చోబెట్టి, ఒళ్ళో చొక్కా పక్కన పెట్టి, పుస్తకాన్ని రెండు చేతులా అందుకుంది. బరువు చూసింది. కుట్టు ఎలా వేశారో చూడ్డానికి వెనక్కి తిప్పి వీపు వైపు గోటితో నొక్కింది. "గట్టిగానే కుట్టారు," అంది.

పేజీలమ్మాయి ముందు పేజీ తీసి వేలు పెట్టి చూపించింది. "ఇదిగోనమ్మా, మీ పేరు. ఈ పుస్తకంలో నాలుగువందల పదమూడు చోట్ల మీ మాటే ఉంది. బాబాయే వేయించారు."

"నా పేరా?" అక్క కళ్ళజోడు సర్దుకుని ఆ గీతను చూసింది. ఇంగ్లీషక్షరాలు ఆమెకు నల్ల దారంలాగే కనపడి ఉంటాయి. "నా పేరెందుకు ఇందులో? ఎవరన్నా వచ్చి పట్టుకుపోతారా?"

పక్కింటావిడ నవ్వింది. సంపాదకుడు కూడా నవ్వాడు. అక్క నవ్వలేదు గాని ఆ గీత మీద వేలితో ఒకసారి మెల్లగా రాసింది. ఉబ్బుగా ఏమైనా తగులుతుందేమో అన్నట్టు.

"పైనుంచి మొత్తం చదువమ్మా," అంది. "అందరి పేర్లూ విందాం."

పేజీలమ్మాయి చదివింది. పద్దెనిమిది పేర్లు, వాటి డిగ్రీలు. అక్క ప్రతి పేరుకీ తలూపింది, చుట్టాలను లోపలికి రమ్మంటున్నట్టు. పందొమ్మిదోది తన పేరు, పక్కన కాజాలు.

"తర్వాత?"

"అంతేనమ్మా. అయిపోయింది."

అక్క పేజీ తిప్పింది. అటువైపు ఖాళీ తెల్లకాగితం. మళ్ళీ ఇటు తిప్పింది. మొదటి గీత నుంచి చివరి గీత దాకా వేలితో దిగింది.

"మరి మావాడి పేరేదీ?"

 బల్ల మీద, అతని ఆఫీసు కుర్చీలోంచి తెచ్చిన నీలంరంగు దిండు, నడుమ ఒక సన్నపాటి మనిషి కూర్చున్నంత మేర గుంటపడి ఉంది.